రిపోర్టులో సాల్మొనెల్లా అని వచ్చింది, మరి యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదు?

ఒకరికి మూడు రోజులుగా నీళ్ల విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి, కాస్త జ్వరం. మలపరీక్షలో సాల్మొనెల్లా అని తేలింది. డాక్టరు మాత్రం ఓఆర్‌ఎస్ తాగుతూ ఉండండి, నాలుగైదు రోజుల్లో అదే తగ్గిపోతుంది అని చెప్పి పంపేశారు, యాంటీబయాటిక్ ఊసే లేదు. ఇంకొకరికి విరేచనాలే లేవు, పైగా మలబద్ధకం, వారం రోజులుగా రోజురోజుకీ పెరుగుతున్న జ్వరం. రక్తం కల్చర్ (అందులోని క్రిములను పెంచి చూసే పరీక్ష) చేస్తే అక్కడా సాల్మొనెల్లాయే, కానీ ఈయన్ని వెంటనే ఆస్పత్రిలో చేర్చుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, రెండు వారాల దాకా కోర్సు ఉంటుందన్నారు. క్రిమి పేరు ఒకటే, వైద్యం మాత్రం ఎక్కడా కలవదు. ఇద్దరు డాక్టర్లలో ఎవరో ఒకరు పొరబడ్డారని అనిపిస్తుంది గానీ, ఇద్దరూ చేసింది సరైన పనే.

ఇది అర్థం కాకపోవడం వల్లే టెన్షన్ అంతా. మొదటాయన "పాజిటివ్ వచ్చినా మందు ఇవ్వలేదేంటి" అని ఇంకో చోటికెళ్లి యాంటీబయాటిక్ రాయించుకుంటారు, రెండో ఆయన నాలుగు రోజులకు కాస్త నెమ్మదించగానే కోర్సు ఆపేస్తారు. సాల్మొనెల్లా విషయంలో క్రిమి ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. అది పేగులోనే ఆగిందా, పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లిందా, ఎలాంటి మనిషి ఒంట్లో చేరింది, ఇవి తెలిస్తే తప్ప మందు సంగతి తేలదు. పరీక్షలూ అంతే. ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది, అడగని ప్రశ్నకు దాన్నుంచి జవాబు లాగాలని చూస్తేనే గందరగోళం.

ఒకే ఇంటిపేరు, రెండు జబ్బులు

సాల్మొనెల్లాలో జాతులు రెండే, ఎంటెరికా, బోంగోరి. మనుషులకు జబ్బు తెచ్చేది దాదాపు అంతా ఎంటెరికాయే. కానీ దాని పైపొర మీదా, ఈదడానికి వాడే తోకల మీదా ఉండే పదార్థాల తేడాలను బట్టి శాస్త్రవేత్తలు దాన్ని 2,500కు పైగా రకాలుగా విడదీశారు. వీటిని సీరోటైపులు అంటారు. అందులో టైఫీ, పారాటైఫీ అనేవి ప్రధానంగా మనిషినే ఆశ్రయించి బతుకుతాయి, టైఫాయిడ్ జ్వరాలు తెచ్చేవి ఇవే, పైన చెప్పిన రెండో ఆయనది ఈ జబ్బే. టైఫిమ్యూరియం, ఎంటెరిటిడిస్ లాంటి మిగతావి జంతువుల్లో, పక్షుల్లో, తాబేళ్లూ బల్లుల్లాంటి సరీసృపాల్లో ఉంటూ ఆహారం ద్వారానో, చేతుల ద్వారానో మనుషుల్లోకి వచ్చి విరేచనాలు తెస్తాయి. ఇంటిపేరు ఒకటే అయినా రెండు కొంపల తీరు వేరు.

ఎంత వేరో లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2019లో ప్రపంచమంతటా సుమారు 90 లక్షల మందికి టైఫాయిడ్ వచ్చిందనీ, అందులో 1,10,000 మంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అదే విరేచనాలు తెచ్చే రకాల విషయానికొస్తే, అమెరికాలో ఏటా 13.5 లక్షల మందికి అవి సోకుతాయనీ, 26,500 మంది ఆస్పత్రిలో చేరతారనీ, 420 మంది చనిపోతారనీ అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. దేశాలూ వైద్య సదుపాయాలూ వేరు కాబట్టి రెండిటినీ పక్కపక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు, నిజమే. అయినా రెండో లెక్కలో ఒక విషయం మాత్రం స్పష్టం, వీళ్లలో అత్యధికులు ఆస్పత్రి ముఖం చూడకుండానే కోలుకుంటున్నారు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం, ఎందుకంటే చికిత్స తేడాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. మింగిన క్రిముల్లో చాలా భాగం కడుపులోని ఆమ్లంలోనే చస్తాయి (ఎసిడిటీ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లకు ముప్పు ఎక్కువ కావడానికి కారణం ఇదే). తప్పించుకున్నవి చిన్నపేగు చివరికి చేరి, సూదిలాంటి ఒక నిర్మాణంతో పేగు కణాల్లోకి తమ ప్రొటీన్లను ఎక్కిస్తాయి. దాంతో ఆ కణమే క్రిమిని లోపలికి లాక్కుంటుంది. విరేచనాల రకాలు ఈ పని చేయగానే ఒళ్లు గట్టిగా స్పందిస్తుంది. తెల్లకణాలు పరుగున వస్తాయి, పేగు వాస్తుంది, నీరు బయటికి పోతుంది. బాధ అంతా ఆ వాపుదే, కానీ క్రిమిని పేగు దాటనివ్వకుండా ఆపేది కూడా ఆ గొడవే.

టైఫీ అలా అల్లరి చేయదు. దాని మీద వీఐ అనే ఒక తొడుగు ఉంటుంది, రోగనిరోధక వ్యవస్థ దాన్ని వెంటనే గుర్తుపట్టకుండా అది అడ్డుపడుతుంది. పేగులో పెద్దగా గొడవ లేకుండా గోడ దాటి, క్రిముల్ని మింగి చంపాల్సిన మాక్రోఫేజ్ కణాల్లోనే మకాం పెట్టి, కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ, పిత్తాశయం వరకూ వెళ్లి అక్కడ పెరిగి, ఆ తర్వాత రక్తంలోకి వస్తుంది. జ్వరం అప్పుడు మొదలవుతుంది. అందుకే విరేచనాల రకంలో లక్షణాలు సాధారణంగా 12 నుంచి 36 గంటల్లో కనిపిస్తే, టైఫాయిడ్‌లో ఒకటి రెండు వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెల కూడా.

ఈ గీత మరీ గట్టిదేం కాదు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో మలేరియా, పోషకాహార లోపం, హెచ్‌ఐవీ ఉన్న పిల్లల్లోనూ పెద్దల్లోనూ టైఫిమ్యూరియం లాంటివి కూడా నేరుగా రక్తంలోకి వెళ్లి ప్రాణాలు తీస్తున్నాయి, చాలామందిలో విరేచనాలు కూడా ఉండవు. అంటే క్రిమి రకం ఎంత ముఖ్యమో, అది చేరిన ఒళ్లు కూడా అంతే ముఖ్యం.

నిన్న తిన్నదే కారణమా?

విరేచనాలు మొదలవగానే అందరం చివరిగా తిన్నదాన్నే తిడతాం. సాల్మొనెల్లాకు 6 గంటల నుంచి 6 రోజుల వరకూ ఎంతైనా పట్టొచ్చు కాబట్టి దోషి మొన్నటి భోజనం కావచ్చు, నాలుగు రోజుల కిందటిది కూడా కావచ్చు. తిన్న రెండు మూడు గంటలకే వాంతులు మొదలైతే మాత్రం, అది ఆహారంలో ముందే తయారైన విషం పని అయ్యే అవకాశం ఎక్కువ.

ఇంకో సంగతి, లక్షణాలు చూసి ఇది సాల్మొనెల్లానే అని ఎవరూ చెప్పలేరు. షిగెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియాలు కూడా ఇలాగే జ్వరం, నొప్పి, విరేచనాలు తెస్తాయి. అలాగని ప్రతి విరేచనానికీ పరీక్ష అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో తగ్గే మామూలు కేసులో రిపోర్టు వచ్చేసరికి మనిషి లేచి తిరుగుతుంటాడు. గట్టి జ్వరం, మలంలో రక్తం, భరించలేని నొప్పి, ఒంట్లో నీరు బాగా తగ్గిపోవడం, వారం దాటినా ఆగకపోవడం, లేదా రోగి పసిబిడ్డో, ముసలివాళ్లో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లో కావడం, ఇలాంటప్పుడు పరీక్షకు అర్థం ఉంటుంది. ఒకే చోట తిన్న చాలామందికి ఒకేసారి వచ్చినప్పుడు కూడా.

మలపరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పాత పద్ధతి కల్చర్. మలాన్ని ప్రత్యేకమైన ఆహారం ఉన్న పళ్లెంలో రాసి వెచ్చగా ఉంచితే క్రిములు పెరుగుతాయి. ఎక్స్‌ఎల్‌డీ అనే ఎర్రటి పళ్లెం మీద సాల్మొనెల్లా గుంపులు సాధారణంగా మధ్యలో నల్లటి చుక్కతో కనిపిస్తాయి, అది అవి తయారుచేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల. ఒకరోజు పెరగడానికి, ఇంకోరోజు అది నిజంగా అదేనని తేల్చడానికి, మరో రోజు ఏ మందుకు లొంగుతుందో చూడటానికి. అందుకే రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ల్యాబ్‌వాళ్లు ఆలస్యం చేస్తున్నారని విసుక్కుంటాం గానీ, బ్యాక్టీరియా పెరిగే వేగాన్ని వాళ్లు పెంచలేరు.

కొత్త పద్ధతి పీసీఆర్ ప్యానెల్. ఒకే నమూనాలో ఒకేసారి ఇరవై దాకా క్రిముల డీఎన్ఏ కోసం వెతికి కొన్ని గంటల్లో జవాబిస్తుంది. బాగుంది కదా, మరి కల్చర్ ఎందుకు? పీసీఆర్ డీఎన్ఏను చూస్తుంది, బతికున్న క్రిమిని కాదు. చచ్చిపోయిన సాల్మొనెల్లా ముక్కలు మలంలో ఉన్నా పాజిటివ్ అనే చెబుతుంది. కొన్నిసార్లు రెండు మూడు క్రిముల పేర్లు ఒకేసారి వస్తాయి, వాటిలో ఈ జబ్బుకు కారణం ఏదో మళ్లీ డాక్టరే ఆలోచించాలి. అన్నిటికన్నా పెద్ద లోటు, ఏ మందు పనిచేస్తుందో అది చెప్పదు. అందుకే పీసీఆర్‌లో సాల్మొనెల్లా వస్తే అదే నమూనాను కల్చర్‌కు కూడా పెట్టడం సరైన పద్ధతి.

కల్చర్‌లో దొరికిన క్రిమి సీరోటైప్ ఏదో తేల్చడం, ఈ మధ్య దాని జన్యుక్రమం మొత్తం చదవడం కూడా జరుగుతోంది. చాలా సందర్భాల్లో దీనితో మీ చికిత్స మారదు. వేర్వేరు ఊళ్లలో జబ్బుపడినవాళ్లు ఒకే సరుకు తిన్నారా అన్నది పట్టుకోవడానికి ప్రజారోగ్య అధికారులకు అది కావాలి.

రక్తంలో వెతకడం, వైడాల్ అనే తలనొప్పి

టైఫాయిడ్ అనుమానం ఉన్నప్పుడు అసలు పరీక్ష బ్లడ్ కల్చర్. దీనికీ ఓ ఇబ్బంది ఉంది, చాలామందికి తెలియదు. ఒళ్లంతా కాలిపోతున్న రోగి రక్తంలో కూడా ఒక మిల్లీలీటరుకు ఒక్క బ్యాక్టీరియానో, అంతకంటే తక్కువో ఉంటుంది. రెండు మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో ఏమీ ఉండకపోవచ్చు. అందుకే పెద్దవాళ్లలో 20 మిల్లీలీటర్లో అంతకన్నా ఎక్కువో తీసి, రెండు మూడు సీసాల్లో నింపుతారు. "ఒక్క పరీక్షకు ఇంత రక్తమా" అని నర్సుతో గొడవపడేముందు ఇది గుర్తుంచుకోవాలి, ఎంత ఎక్కువ రక్తం తీస్తే క్రిమి దొరికే అవకాశం అంత ఎక్కువ.

ఇంత చేసినా నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో సుమారు 60 శాతం మందిలోనే పాజిటివ్ వస్తుంది. ముందే రెండు రోజులు యాంటీబయాటిక్ మింగి వస్తే ఇంకా తక్కువ. అంటే నెగెటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదని కొట్టేయలేం, పాజిటివ్ వస్తే మాత్రం తిరుగులేదు. ఎముక మజ్జ కల్చర్ దీనికంటే మెరుగు, 80 శాతానికి పైగా పట్టుకుంటుంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక కూడా దొరుకుతుంది, ఎందుకంటే మజ్జలో క్రిములు ఎక్కువ, లోపల దాక్కుని ఉంటాయి. కానీ ఎముకలోకి సూది గుచ్చాలి కాబట్టి జ్వరం కారణం ఎంతకీ తేలనప్పుడే ఆ జోలికి వెళతారు. మలంలో టైఫీ దొరకడం రెండో వారం, మూడో వారం మాట.

ఇక వైడాల్. 1896లో ఫ్రెంచి వైద్యుడు ఫెర్నాండ్ వైడాల్ ఈ పరీక్ష తెచ్చినప్పుడు అది పెద్ద ముందడుగే, ఇప్పటికీ ప్రపంచంలో చాలాచోట్ల టైఫాయిడ్ అంటే ముందు ఇదే చేస్తారు. చవక, తొందరగా అయిపోతుంది. ఇది క్రిమిని వెతకదు, క్రిమికి విరుగుడుగా మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. రిపోర్టులో 1:160 అని ఉంటే, రోగి సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే పలచటి ద్రవాన్ని) 160 వంతులు పలచన చేసినా అది టైఫీ క్రిముల్ని ముద్దగా చేయగలిగిందని అర్థం. అంతే తప్ప జబ్బు తీవ్రత 160 అని కాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ యాంటీబాడీలు ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌వి కావచ్చు, టీకావి కావచ్చు, సాల్మొనెల్లాలో వేరే రకానివి కావచ్చు, మలేరియా లాంటి వేరే జబ్బుల్లో కూడా తప్పుడు పాజిటివ్ వస్తుంది. మొదటి వారంలో అసలైన టైఫాయిడ్ రోగికి ఇంకా యాంటీబాడీలే తయారుకాక నెగెటివ్ రావచ్చు. టైఫాయిడ్ ఎక్కువగా ఉన్న చోట ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ ఎంతో కొంత అంకె కనిపిస్తుంది, కాబట్టి ఏ అంకె దాటితే అనుమానించాలన్నది కూడా చోటుచోటుకీ మారుతుంది. పుస్తకం ప్రకారమైతే పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి, అంకె నాలుగు రెట్లు పెరిగిందా అని చూడాలి, అప్పటికి రోగి కోలుకోవడమో, పరిస్థితి విషమించడమో ఎలాగూ జరిగిపోయి ఉంటుంది. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని ముద్ర వేసి, అసలు జబ్బును వదిలేయడం నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అలవాటు. కార్డు మీద చుక్క వేసి చూసే ర్యాపిడ్ పరీక్షలు దీనికంటే కొంచెం మేలు అనిపించినా, వాటి ఒక్కదాని మీదే ఆధారపడేంత ఖచ్చితత్వం వాటికీ లేదు. కోర్సు అయిపోయాక "నయమైందో లేదో చూద్దాం" అని మళ్లీ వైడాల్ చేయించడం శుద్ధ దండగ, యాంటీబాడీలు నెలల తరబడి అలాగే ఉంటాయి.

మామూలు రక్తపరీక్షలో తెల్లకణాలు పెరగకుండా మామూలుగానో తక్కువగానో ఉండటం, ప్లేట్‌లెట్లు కాస్త తగ్గడం, లివర్ ఎంజైములు కొంచెం పెరగడం టైఫాయిడ్‌లో కనిపిస్తాయి. ఇవి అనుమానాన్ని బలపరుస్తాయి తప్ప తేల్చవు, ఎందుకంటే డెంగీలో కూడా ఇలాంటి రిపోర్టే వస్తుంది.

పేగు జబ్బుకు మందు నీళ్లే

పేగులోనే ఉన్న సాల్మొనెల్లాకు అసలు చికిత్స పోయిన నీటినీ లవణాలనూ తిరిగి అందించడం. పేగు గోడలో సోడియం, గ్లూకోజ్ రెండూ జతగా లోపలికి వెళ్లే దారి ఒకటుంది, విరేచనాలు అవుతున్నా అది పనిచేస్తూనే ఉంటుంది, ఆ జంట వెనకాలే నీరు కూడా వెళుతుంది. ఓఆర్‌ఎస్ కిటుకు అంతా ఇదే. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఫార్ములాలో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. ఈ పాళ్లు చెడితే పని చెడుతుంది, కాబట్టి ప్యాకెట్ మీద ఎంత నీటిలో కలపమంటే అంతలోనే, మొత్తం ప్యాకెట్టూ ఒకేసారి కలపాలి. కూల్ డ్రింకుల్లో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ, అది పేగులోకి ఇంకా నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది.

తాగిన వెంటనే వాంతి అవుతుంటే పదినిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టాలి. మనిషి మత్తుగా పడి ఉన్నా, ఏదీ తాగలేకపోతున్నా, మూత్రం రావడం ఆగిపోయినా సెలైన్ తప్పదు, ఇంట్లో ప్రయోగాలకు అది సమయం కాదు. పిల్లలకు తల్లిపాలు ఆపకూడదు, తినగలిగితే తిండి పెట్టాలి, 10 నుంచి 14 రోజుల పాటు జింక్ ఇవ్వాలి, ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, అంతకంటే పెద్ద పిల్లలకు 20. లోపెరమైడ్ లాంటి విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకు వద్దు, జ్వరం గానీ మలంలో రక్తం గానీ ఉంటే పెద్దవాళ్లకూ వద్దు. పేగు కదలిక ఆగితే క్రిమి లోపలే ఉండిపోతుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బ్యాక్టీరియా ఉంది, దాన్ని చంపే మందు ఉంది, ఇస్తే ఏం పోయింది? ఈ ప్రశ్నను ఎప్పుడో పరిశోధకులు పరీక్షించి చూశారు. ఆరోగ్యవంతుల్లో మామూలు సాల్మొనెల్లా విరేచనాలకు యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్లనూ ఇవ్వనివాళ్లనూ పోల్చిన ప్రయోగాలన్నిటినీ కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడపట్టి తేల్చే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ఒకచోట చేర్చి చూస్తే, జ్వరం గానీ విరేచనాలు గానీ తొందరగా తగ్గినట్టు తేలలేదు. పైగా మందు వేసుకున్నవాళ్లలో దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి, నెల తర్వాత కూడా మలంలో సాల్మొనెల్లా కనిపించడం వాళ్లలోనే ఎక్కువ.

చివరిది వింటే ఆశ్చర్యమే, కానీ కారణం ఉంది. మన పెద్దపేగులో ఉండే కోటానుకోట్ల మేలుచేసే బ్యాక్టీరియా సాల్మొనెల్లాకు చోటూ తిండీ దొరకనివ్వవు. యాంటీబయాటిక్ వాటిని తుడిచిపెడుతుంది. సాల్మొనెల్లా మాత్రం కొంత భాగం కణాల లోపల దాక్కుని బతికిపోయి, ఖాళీ అయిన చోటును ఆక్రమిస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ముందుగా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, మామూలుగా లక్ష క్రిములు కావాల్సిన చోట చాలా కొద్ది క్రిములకే జబ్బు అంటుకుంది. కాబట్టి డాక్టరు మందు రాయలేదంటే అది నిర్లక్ష్యం కాదు, ఆ పేగులో ఇప్పటికే పనిచేస్తున్న కాపలాను చెడగొట్టకపోవడం.

మరి ఎవరికి తప్పనిసరి?

క్రిమి రక్తంలోకి వెళ్లే ప్రమాదం, వెళితే జరిగే నష్టం ఎవరిలో ఎక్కువో వాళ్లకు. మూడు నెలల లోపు పసిబిడ్డలు ముందు వరసలో ఉంటారు, వాళ్లలో సాల్మొనెల్లా మెదడు పొరల దాకా వెళ్లగలదు, అందుకే జ్వరమున్న పసిబిడ్డకు మలపరీక్షతో ఆగకుండా బ్లడ్ కల్చర్, అవసరమైతే వెన్ను నీటి పరీక్ష కూడా చేస్తారు. హెచ్‌ఐవీ బాగా ముదిరినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవమార్పిడి జరిగినవాళ్లు, ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్లు, కృత్రిమ గుండె కవాటమో కృత్రిమ కీళ్లో ఉన్నవాళ్లు. యాభై దాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నవాళ్ల సంగతి ప్రత్యేకం, రక్తంలోకి వచ్చిన సాల్మొనెల్లాకు పాడైన రక్తనాళపు గోడ అంటే మహా ఇష్టం, అక్కడ అతుక్కుని బృహద్ధమనిని ఉబ్బించి చీల్చగలదు. విరేచనాలు తగ్గాక కూడా పెద్దవయసువారికి జ్వరం వదలక నడుమో కడుపో నొప్పిగా ఉంటే స్కాన్ చేసి చూడాల్సిందే. ఆరోగ్యవంతులే అయినా జబ్బు తీవ్రంగా ఉండి ఆస్పత్రిలో చేరాల్సి వస్తే వాళ్లకూ మందు ఇస్తారు.

కోర్సు ఎన్నాళ్లు అన్నది క్రిమి ఎక్కడుందో దాన్ని బట్టే. పేగులో అయితే వారం లోపు, రోగనిరోధక శక్తి తక్కువైతే రెండు వారాలు, రక్తంలో అయితే 7 నుంచి 14 రోజులు, ఎముకలో చేరితే నాలుగు నుంచి ఆరు వారాలు, రక్తనాళంలో అయితే ఆరు వారాలకు తోడు చాలాసార్లు ఆపరేషన్ కూడా.

మందు ఎంపికలో ఒక వింత ఉంది. ల్యాబ్ పళ్లెంలో జెంటమైసిన్, పాత తరం సెఫలోస్పోరిన్లు సాల్మొనెల్లాను చంపేసినట్టే కనిపిస్తాయి, రోగిలో మాత్రం పనిచేయవు. పళ్లెంలో క్రిమి ఆరుబయట ఉంటుంది, ఒంట్లో కణాల లోపల ఉంటుంది, ఆ మందులు అక్కడికి సరిగ్గా చేరవు. అందుకే వీటికి లొంగుతుందని రిపోర్టులో రాయొద్దని ల్యాబ్‌లకు స్పష్టమైన నిబంధనే ఉంది. సిప్రోఫ్లోక్సాసిన్ విషయంలో కథ ఇంకోలా తిరిగింది. పాత కొలతల (ఎంత తక్కువ మందుకు క్రిమి ఆగితే లొంగినట్టు లెక్క అనేది) ప్రకారం లొంగుతుందని రిపోర్టు వచ్చిన రోగుల్లో కూడా మందు విఫలమవుతుండటంతో 2012లో సాల్మొనెల్లాకు ఆ కొలతనే బాగా కిందికి దించారు. ఇప్పుడు ఎక్కువగా వాడేవి సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్, లొంగుతుందని తేలితే సిప్రోఫ్లోక్సాసిన్.

టైఫాయిడ్‌లో ఓపిక కావాలి

ఇక్కడ మాత్రం యాంటీబయాటిక్ గురించి చర్చే లేదు. మందులు లేని రోజుల్లో టైఫాయిడ్ వచ్చిన పదిమందిలో ఒకరికి పైగా చనిపోయేవాళ్లు. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చి ఆ లెక్కను తలకిందులు చేసింది. 1972లో మెక్సికోలో దానికి లొంగని టైఫాయిడ్ పెద్దయెత్తున చెలరేగింది, ఆ తర్వాత ఒక్కో మందూ అలాగే పదును కోల్పోతూ వచ్చింది. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో బయటపడిన రకం పాత మందులన్నిటితో పాటు సిప్రోఫ్లోక్సాసిన్‌కూ సెఫ్ట్రియాక్సోన్‌కూ లొంగలేదు. నోటితో వేసుకునే వాటిలో అజిత్రోమైసిన్, ఇంజెక్షన్లలో మెరోపెనెమ్ లాంటివి మాత్రమే మిగిలాయి. రోగి ఏ ప్రాంతం నుంచి వచ్చాడని డాక్టరు అడిగేది ఊరికే కాదు, కల్చర్ రిపోర్టు వచ్చేలోపు ఏ మందు మొదలుపెట్టాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు.

సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం మర్నాటికి దిగదు. మూడు నుంచి ఐదు రోజులు, సెఫ్ట్రియాక్సోన్‌తో వారం దాకా పట్టడం మామూలే. రెండో రోజుకే "మందు పనిచేయట్లేదు" అని డాక్టర్లను మార్చడం, వాళ్లు మందు మార్చడం, ఇంకో రెండు రోజులకు సహజంగా తగ్గాల్సిన జ్వరం తగ్గితే ఆ పేరు కొత్త మందుకు రావడం, ఇది చాలా చోట్ల జరిగే తంతు. అలాగని చూస్తూ కూర్చోమని కాదు. కడుపు గట్టిపడి నొప్పి హఠాత్తుగా పెరిగినా, మలం నల్లగా వచ్చినా, మనిషి పలవరిస్తున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. రెండో వారం చివర, మూడో వారంలో పేగుకు చిల్లుపడే ప్రమాదం ఉంది, అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. షాక్‌లోకో అపస్మారకంలోకో జారిన రోగులకు యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే ప్రాణాలు దక్కుతాయని 1984లో ఇండోనేషియాలో జరిగిన ప్రయోగం చూపించింది, అయితే అది మామూలు టైఫాయిడ్‌కు వాడే మందు కాదు.

జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకు కొందరిలో, పదిమందిలో ఒకరి దాకా, జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు పాత చీటీలోని మందే కొనుక్కోకుండా మళ్లీ కల్చర్ చేయించాలి.

తగ్గాక మిగిలేవి

విరేచనాల సాల్మొనెల్లా తగ్గాక కూడా మలంలో క్రిమి నాలుగైదు వారాల పాటు పోతుంటుంది, ఐదేళ్ల లోపు పిల్లల్లో ఇంకా ఎక్కువకాలం. దానికి చికిత్స అక్కర్లేదు, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, నెగెటివ్ వచ్చేదాకా పరీక్షలు చేయిస్తూనే ఉండాల్సిన పని కూడా లేదు. వంట పనివాళ్లకూ, ఆస్పత్రి, పసిపిల్లల కేంద్రాల సిబ్బందికీ మాత్రం తిరిగి పనిలో చేరే ముందు పరీక్షలు అడగొచ్చు. కొందరికి ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత మోకాళ్లు, చీలమండలు వాచి నొప్పి పెడతాయి, కళ్లు ఎర్రబడతాయి. అది క్రిమి కీళ్లలోకి చేరడం వల్ల కాదు, దాని మీద మొదలైన రోగనిరోధక స్పందన వల్ల. కాబట్టి నొప్పి, వాపు తగ్గించే మందులే వాడతారు.

టైఫాయిడ్‌లో నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా ఏడాది దాటినా క్రిమిని మోస్తూనే ఉంటారు, వాళ్లకు ఏ బాధా తెలియదు. న్యూయార్క్‌లో వంటమనిషిగా చేసిన మేరీ మాలన్ అలాంటివారే. ఆమె పనిచేసిన ఇళ్లలో టైఫాయిడ్ వస్తోందని 1907లో జార్జ్ సోపర్ అనే పారిశుద్ధ్య ఇంజనీరు గుర్తించాక, ఆమె జీవితంలో రెండు విడతలుగా పాతికేళ్లకు పైగా నిర్బంధంలోనే గడిచాయి. అప్పట్లో ఆమెకు ఇవ్వడానికి పనికొచ్చే మందే లేదు. ఇప్పుడు క్రిమి లొంగేదైతే సిప్రోఫ్లోక్సాసిన్ నాలుగు వారాలు ఇస్తారు, చాలామందిలో పోతుంది. పిత్తాశయంలో రాళ్లుంటే మాత్రం ఆ రాళ్ల మీద క్రిములు పొరలా పేరుకుని మందుకు అందవు, అప్పుడు పిత్తాశయాన్నే తీసేయాల్సి రావచ్చు. తీసేశాక కూడా పిత్తనాళాల్లో కొన్ని మిగిలి ఉండొచ్చు కాబట్టి మలం కల్చర్లు వరుసగా నెగెటివ్ వస్తేనే వదిలిందని లెక్క.